మూడు రూపాయల పౌరుషం

మూడు వేల రూపాయల సరుకు బిల్లయ్యాక కౌంటర్ దగ్గర ఒక ప్రశ్న వినబడుతుంది: "కవర్ కావాలా సార్?" ప్రశ్నలో తప్పేమీ లేదు. అడిగిన అమ్మాయి గొంతులో మర్యాద కూడా ఉంటుంది. కానీ ఆ వెనకే వచ్చే "మూడు రూపాయలవుతుంది" అన్న మాటతో అవతలి మనిషి మొహం మారిపోతుంది. అప్పటిదాకా ధర చూడకుండా జీడిపప్పు ప్యాకెట్ బుట్టలో పడేసుకున్న పెద్దమనిషి, రెండు కొంటే ఒకటి ఉచితమన్నారని అక్కర్లేని బిస్కెట్లు ఆరు ప్యాకెట్లు తీసుకున్న గృహస్థు, ఉన్నట్టుండి పొదుపు మీద ప్రవచనం చెప్పే స్థాయికి చేరుకుంటారు.

వరసలో నిలబడ్డప్పుడు నా కాలక్షేపం ఇదే. ఈ ప్రశ్నకు ఎవరెలా జవాబిస్తారో చూస్తూ ఉంటాను. కొందరు వీరులు. "అక్కర్లేదు" అనేసి, షాంపూ సీసా చంకలో ఇరికించి, గోధుమపిండి ప్యాకెట్ గుండెకు హత్తుకుని, గుడ్ల అట్ట ఎడమ అరచేతిలో నిలబెట్టి, స్కూటర్ తాళంచెవి పళ్ల మధ్య కరుచుకుని బయల్దేరతారు. గుడ్లు పగిలితే పగలనీ, మాట మాత్రం పోకూడదు. కొందరు ప్లీడర్లు. "ఇంత కొన్నాం, ఒక కవర్ ఊరికే ఇవ్వలేరా? మేనేజర్‌ని పిలవండి" అంటారు. మేనేజర్ వచ్చేదాకా వెనక ఉన్న మేమంతా సాక్షులం. కొందరు దాతలు. "ఇవ్వమ్మా, రెండివ్వు" అంటారు, వెనకవాళ్లకు వినబడేటంత గట్టిగా. ఇక మిగిలింది సంసారపక్షం వాళ్లు. హ్యాండ్‌బ్యాగ్ అడుగు నుంచి నాలుగు మడతల గుడ్డసంచి తీసి ఠీవిగా దులుపుతారు. ఆ దులపడంలో మా అందరికీ ఒక చురక ఉంటుంది.

ఈ నాలుగు రకాల్లోనూ మూడు రూపాయలు లేనివాళ్లు ఎవరూ లేరు. ఈ గొడవ డబ్బు గురించి కాదనడానికి అదే రుజువు. మరి దేని గురించి?

ఏనుగును కొని అంకుశం దగ్గర పేచీ పెట్టినట్టు అని మనకో సామెత ఉంది. పేచీ పెట్టినవాణ్ణి చూసి నవ్వడానికే దాన్ని వాడతాం. కానీ ఆ పేచీకోరు తరఫున ఒక మాట చెప్పుకోవచ్చు. అంకుశం వేరే సరుకని అతను అనుకోలేదు. ఏనుగుతోపాటు వస్తుందనుకున్నాడు. బేరం ఎక్కడిదాకా అన్నదే అతని తగాదా. కవర్ దగ్గర మన తగాదా కూడా అదే. సరుకు కొన్నాక దాన్ని చేతికందించే బాధ్యత ఎవరిది? కొట్టువాడిదా, మనదా?

పాత కిరాణా కొట్టులో ఈ లెక్క తేలిగ్గా తెగేది. పంచదార, కందిపప్పు పాత న్యూస్‌పేపర్లో పొట్లం కట్టి, పురికొసతో బిగించి ఇచ్చేవాడు. ఆ కాగితం, ఆ పురికొస అతనివే. దానికి డబ్బడిగితే ఊరంతా నవ్వేది. కానీ పొట్లాలన్నీ మోసుకుపోయే సంచి మాత్రం మనదే. నూనెకు డబ్బా, కిరసనాయిలుకు సీసా, బియ్యానికి గోనెసంచి ఇంటినుంచే పట్టుకెళ్లాలి. చేతులూపుకుంటూ బజారుకొచ్చినవాణ్ణి "భోజనానికొచ్చావా, బజారుకొచ్చావా?" అని అడిగేవారు. తూకం అయిపోయాక చారెడు కొసరు, వెంట వచ్చిన పిల్లవాడి చేతిలో చిన్న బెల్లం ముక్క. ఇవి మాత్రం లెక్కలోకి రావు. అంటే కొట్టువాడు మనకిచ్చేదాంట్లో కొంత అమ్మకం, కొంత ఆదరణ. ఈ రెంటి మధ్య గీత ఎక్కడుందో ఇద్దరికీ తెలుసు కాబట్టి పేచీ రాలేదు.

ఆ గీతను చెరిపింది ప్లాస్టిక్ కవరే. స్వీడన్‌లో సెల్లోప్లాస్ట్ అనే కంపెనీలో పనిచేసిన స్టెన్ గుస్తాఫ్ థూలిన్ అనే ఇంజనీరు గొట్టంలాంటి ప్లాస్టిక్ షీటును మడిచి, అతికించి, పైన చేతిపట్లు వచ్చేలా కోసి ఒక సంచి తయారుచేశాడు. 1965లో దానికి అమెరికాలో పేటెంటు వచ్చింది. తర్వాతి దశాబ్దాల్లో అది ప్రపంచమంతా పాకి మన సందు చివరి కొట్టుకు కూడా చేరింది. బరువు లేదు, తడవదు, ధర పైసల్లో. కొట్టువాడికి పొట్లం కట్టే శ్రమ తప్పింది, మనకు సంచి గుర్తుపెట్టుకునే శ్రమ తప్పింది. అంత చవక వస్తువును లెక్కలో రాయడం ఎవరికీ తోచలేదు. దాంతో కవర్ వెళ్లి కొసరు పక్కన, బెల్లం ముక్క పక్కన కూర్చుంది. ఒక తరం గడిచేసరికి ఆదరణ కాస్తా హక్కయింది. ఇప్పుడు దానికి ధర కడితే మనకు సరుకు ధర పెరిగినట్టు ఉండదు, ఇంటికి పిలిచి కాఫీకి బిల్లు వేసినట్టుంటుంది.

నిజానికి అది ఏనాడూ ఉచితం కాదు. కవర్లు కొన్న ఖర్చు కొట్టువాడు ఎక్కడో ఒకచోట సరుకు ధరలో కలుపుకోక తప్పదు. అంటే ఇంటినుంచి సంచి తెచ్చుకున్న ముసలావిడ కూడా, చేతులూపుకుంటూ వచ్చిన కుర్రవాడి కవర్‌కు తనవంతు చెల్లిస్తూనే వచ్చింది. ఎవరూ చెప్పలేదు కాబట్టి ఆవిడకు కోపం రాలేదు. విడిగా ధర పెట్టడమంటే ఆ దాగున్న ఖర్చును బయటికి లాగి, వాడినవాడి నెత్తిన పెట్టడం. తర్కానికి ఇందులో ఏ లోటూ లేదు. లోటల్లా ఆ మూడు రూపాయలు చివరికి ఎవరి జేబులోకి వెళ్తున్నాయన్న దగ్గర ఉంది.

2019లో చండీగఢ్‌లో జరిగిన కేసు చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఒకాయన బాటా షాపులో బూట్లజత కొన్నాడు. బిల్లు 402 రూపాయలు. అందులో మూడు రూపాయలు కాగితం సంచికి. సంచి మీద కంపెనీ పేరు. నా చేత డబ్బు కట్టించుకుని నన్నే ప్రచారానికి వాడుకుంటారా అని ఆయన వినియోగదారుల ఫోరానికెళ్లాడు. పర్యావరణం కోసమే అలా చేశామని కంపెనీ చెప్పుకుంది. అంత పర్యావరణ ప్రేమ ఉంటే సంచి ఉచితంగానే ఇవ్వాల్సింది కదా అన్నది ఫోరం. మూడు రూపాయలు వాపసు, కేసు ఖర్చుల కింద వెయ్యి, మనోవేదనకు మూడు వేలు, న్యాయసహాయ నిధికి ఐదు వేలు కట్టమంది. ఆ మరుసటి ఏడాది డిసెంబర్‌లో బిగ్ బజార్ కేసులో జాతీయ వినియోగదారుల కమిషన్ కూడా ఇదే దారి పట్టింది. సంచికి విడిగా డబ్బు తీసుకుంటామని, ఎంతో, ఎలాంటి సంచో కొనుగోలుదారుడికి ముందే తెలియాలి, బిల్లు కట్టే చోట హఠాత్తుగా చెప్పడం కుదరదు అంది.

సరిగ్గా ఇక్కడే తమాషా. 2011 నాటి కేంద్ర ప్లాస్టిక్ వ్యర్థాల నియమాలు అసలు క్యారీ బ్యాగులను దుకాణదారులు ఉచితంగా ఇవ్వనే కూడదన్నాయి. ఒకచోట చట్టం డబ్బు తీసుకోమంది, మరోచోట న్యాయం తీసుకున్నందుకు జరిమానా వేసింది. చండీగఢ్‌ది కాగితం సంచి కాబట్టి సాంకేతికంగా రెండింటికీ పోటీ లేదనుకోండి. కానీ సామాన్యుడికి మిగిలేది గందరగోళమే. నా ఉద్దేశంలో రెండూ సరైనవే. చట్టం చూసింది మురుగుకాలవను, ఫోరం చూసింది దుకాణం గల్లాపెట్టెను. ఈ రెండూ ఒకేసారి చూసినవాళ్లు ఐర్లండ్ వాళ్లు.

ఐర్లండ్‌లో 2002 మార్చి 4 నుంచి ప్రతి ప్లాస్టిక్ సంచికి 15 సెంట్ల సుంకం పెట్టారు. అంతకుముందు జనాన్ని అడిగితే సంచికి ఇవ్వడానికి సిద్ధపడ్డ సొమ్ము సగటున రెండున్నర సెంట్లలోపే. సుంకం దానికి ఆరింతలు. అంటే జనం కోపగించుకోవడానికి అన్ని సౌకర్యాలూ ఉన్నాయి. అయినా జరిగింది వేరు. మనిషికి ఏడాదికి 328 వరకూ ఉన్న సంచుల వాడకం 21కి పడిపోయింది. కొన్నేళ్లకు మళ్లీ కాస్త పైకి పాకితే 2007లో సుంకాన్ని 22 సెంట్లకు పెంచారు. ఈ వ్యవహారం మీద 2007లో అచ్చయిన ఒక పరిశోధన వ్యాసం శీర్షికే "ఐరోపాలో అత్యంత జనాదరణ గల పన్ను ఇదేనా?" అన్న అర్థంలో ఉంది. పన్నుకు జనాదరణ! మన ఆర్థిక మంత్రులెవరైనా చదివితే కళ్లు చెమర్చే శీర్షిక.

కారణం అంత మిస్టరీ కాదు. ఆ సొమ్ము దుకాణానికి మిగలలేదు, ప్రభుత్వం పెట్టిన పర్యావరణ నిధికి వెళ్లింది. సుంకం ఎంతో బిల్లు మీద విడిగా కనబడాలి. మాంసం, చేపలు, విడిగా అమ్మే పళ్లు వేసే చిన్న సంచులకు మినహాయింపు, ఎందుకంటే చేపల్ని ఎవరూ జేబులో వేసుకుని పోలేరు. డబ్బు ఎవరికి వెళుతుందో తెలిసింది, పక్కవాడూ కడుతున్నాడని తెలిసింది, తప్పించుకునే దారి కూడా తెలిసింది: ఇంటినుంచి సంచి తెచ్చుకోవడం. మనిషి ఇంతకంటే ఎక్కువ అడగడు.

మన దగ్గర కూడా అలాంటి ప్రయత్నం ఒకటి జరిగిందని చాలామందికి తెలియదు. 2016 నాటి కేంద్ర ప్లాస్టిక్ వ్యర్థాల నియమాల్లో, ప్లాస్టిక్ సంచులివ్వాలనుకునే దుకాణదారులు, వీధి వ్యాపారులు స్థానిక సంస్థ దగ్గర నమోదు చేసుకుని నెలకు నాలుగు వేల చొప్పున ఏడాదికి కనీసం 48,000 రూపాయలు కట్టాలన్నారు. ఆ డబ్బు చెత్త నిర్వహణకే ఖర్చు పెట్టాలన్నారు. కాగితం మీద చక్కని ఏర్పాటు. కానీ కొత్తిమీర కట్టలమ్మే బండివాడు ఏడాదికి 48,000 ఎక్కడ తెస్తాడు? 2018 మార్చిలో సవరణ చేసి ఆ నియమాన్నే తీసేశారు. మున్సిపాలిటీకి డబ్బు చేరాల్సిన దారి మూసుకుపోయింది, కౌంటర్ దగ్గర వసూలు మాత్రం మిగిలింది. దిక్కు తెలియని డబ్బు మీద జనానికి అనుమానం రావడం సహజం. నేను కట్టే మూడు రూపాయలతో ఏ కాలవా బాగుపడటం లేదని తెలిశాక, పర్యావరణం పేరు చెబితే వినబుద్ధి కాదు.

అలాగని కొనేవాళ్లమంతా కడిగిన ముత్యాలమని చెప్పలేను. లండన్‌లో స్థిరపడ్డ మా బంధువొకాయన ఉన్నాడు. ఇంగ్లండ్‌లో 2015 అక్టోబర్‌లో పెద్ద దుకాణాల్లో సంచికి ఐదు పెన్నీలు పెట్టారు, 2021 మేలో దాన్ని పది చేసి అన్ని దుకాణాలకూ వర్తింపజేశారు. ఆయన అక్కడ కోటు జేబులో మడత సంచి లేకుండా గుమ్మం దాటడట. హైదరాబాద్ వచ్చినప్పుడు మాత్రం ఉత్త చేతులతో సూపర్‌మార్కెట్‌కెళ్లి, కవర్‌కు డబ్బేమిటని ఎగురుతాడు. "అక్కడ తెచ్చుకునేవాడివి, ఇక్కడేం బావా?" అంటే, "అక్కడ అందరూ తెచ్చుకుంటారు, మనం ఒక్కళ్లమే కవర్ అడిగితే నామోషీగా ఉంటుంది" అన్నాడు. ఐదు పెన్నీలు ఆయన్ని మార్చలేదన్నమాట. వరసలో నిలబడ్డ నలుగురు మార్చారు.

ఆ మాట వినగానే కెనడాలోని వాంకూవర్ నగరం గుర్తొచ్చింది. 2019లో ఈస్ట్ వెస్ట్ మార్కెట్ అనే దుకాణం ఇదే నామోషీని నమ్ముకుంది. సంచి కొనేవాళ్లు సిగ్గుపడాలని పెద్దల వీడియోల దుకాణం, పులిపిర్ల మందుల హోల్‌సేల్ కొట్టు లాంటి బూటకపు పేర్లు సంచుల మీద అచ్చేయించింది. అది పట్టుకుని రోడ్డెక్కలేక జనం ఇంటినుంచి సంచి తెచ్చుకుంటారని ఆశ. జనానికి అవి తెగ నచ్చేశాయి. కొందరు దాచుకోవడానికి ఏరికోరి కొనుక్కున్నారు. మనిషిని సిగ్గుపడేలా చేయడం పక్కవాళ్ల మౌనానికి సాధ్యమవుతుంది కానీ, అచ్చువేసిన జోకుకు సాధ్యం కాదు.

మరి చిన్న ధరకు అసలు బలమే లేదా అంటే ఉంది. అమెరికాలో వాషింగ్టన్ పరిసరాల్లో టాటియానా హోమనాఫ్ అనే ఆర్థికవేత్త ఒక సంగతి గమనించింది. కొన్ని దుకాణాలు సొంత సంచి తెచ్చుకున్నవాళ్లకు ఐదు సెంట్లు తగ్గించేవి. దాన్ని దాదాపు ఎవరూ పట్టించుకోలేదు. అవే ఐదు సెంట్లు సంచి తీసుకున్నవాళ్ల దగ్గర వసూలు చేసేసరికి వాడకం గట్టిగా తగ్గిపోయింది. సొమ్ము ఒకటే. ఇచ్చినప్పుడు గుర్తుండనిది, తీసుకున్నప్పుడు గుచ్చుకుంది. నాకు ఇందులో డబ్బుకంటే ప్రశ్నే ముఖ్యంగా కనిపిస్తుంది. ఉచితంగా ఉన్నన్నాళ్లూ కవర్ గురించి ఎవరూ అడగరు, సరుకు దానంతటదే అందులోకి జారిపోతుంది. ధర పెట్టాక అడిగి తీరాలి. అడిగితే క్షణం ఆలోచించాలి. ఈ ఒక్క సబ్బుకు కవర్ ఎందుకు అన్న ఆలోచన ఆ క్షణంలోనే పుడుతుంది. మనకొచ్చే కోపంలో సగం ఆ ఆలోచన బలవంతంగా చేయించినందుకే.

కవర్ దగ్గర పేచీ పెట్టే అదే మనిషి తిరుమలలో లడ్డూ కౌంటర్ దగ్గర సంచికి విడిగా డబ్బిస్తాడు. పర్యావరణం మీద ఉపన్యాసం వినడు, మేనేజర్‌ని పిలవమనడు. కొండమీద ప్లాస్టిక్ వద్దన్నారు, సంచి కావాలంటే కొనుక్కోవాలి, అంతే. లాభం కోసం అడుగుతున్నారన్న అనుమానం అక్కడ రాదు. అనుమానం లేనిచోట పౌరుషానికి పని లేదు.

పౌరుషం ఎవరిమీద చూపిస్తామో కూడా చూసుకోవాలి. ఏసీ దుకాణంలో మూడు రూపాయలు కట్టి బయటికొచ్చినవాళ్లమే, రైతు బజార్ బయట బండి దగ్గర పది రూపాయల పచ్చిమిర్చికి ఒక కవర్, టమాటాలకు ఇంకో కవర్, అన్నీ వేసుకోవడానికి పెద్ద కవర్ అడుగుతాం. లేదంటే పక్క బండికెళ్తాం. ఆ భయంతోనే బండి మీద కూరలమ్మే ఆమె కవర్ల కట్ట కొనుక్కొస్తుంది. ఆ ఖర్చు పచ్చిమిర్చి లాభంలోంచే పోవాలి. నిబంధన ప్రకారం కవర్ 2021 సెప్టెంబర్ చివరినుంచి 75 మైక్రాన్లు, 2022 డిసెంబర్ చివరినుంచి 120 మైక్రాన్ల మందం ఉండాలి. అంత మందం కవర్ ఊరికే ఇస్తే ఆమెకు మిగిలేదేమీ ఉండదు. అందుకని పల్చటి కవర్ దొంగచాటుగా తెస్తుంది, తనిఖీ వాళ్లొస్తే జరిమానా కడుతుంది. పెద్ద దుకాణంలో కవర్ మనకు అమ్ముతారు, చిన్న బండి దగ్గర కవర్ మనం గుంజుకుంటాం. కర్రీ పాయింట్‌లో రబ్బరు బ్యాండు బిగించిన సాంబారు కవర్ సంగతి చెప్పనక్కర్లేదు. స్టీలు క్యారియర్ పట్టుకెళ్తే చులకనవుతామని మనకు మనమే తీర్మానించుకున్నాం.

గుడ్డసంచితో అన్నీ తీరిపోతాయనుకోవడమూ తొందరపాటే. బ్రిటన్ పర్యావరణ సంస్థ 2011లో అచ్చువేసిన నివేదిక ప్రకారం, వాతావరణాన్ని వేడెక్కించే లెక్కలో ఒక నూలు సంచి, ఒక్కసారి వాడి పారేసే పల్చటి ప్లాస్టిక్ సంచికంటే మేలనిపించుకోవాలంటే దాన్ని కనీసం 131 సార్లు వాడాలి. పోనీ ఆ విషయంలో మనం దరిద్రులమేమీ కాదు. మన ఇళ్లలో వంటింటి తలుపు వెనక మేకుకు పెళ్లిళ్లలో తాంబూలంతో ఇచ్చిన సంచులన్నీ వేలాడుతూనే ఉన్నాయి. ఫలానా చిరంజీవి, ఫలానా లక్ష్మీసౌభాగ్యవతి అని అచ్చయిన సంచిలో వంకాయలు మోసుకురావడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. సంచులు చాలక కాదు మన ఇబ్బంది, అవి తలుపు వెనక ఉండటమే.

కాబట్టి నా అభిప్రాయం ఇది. కవర్‌కు డబ్బడగడం అవమానం కాదు. అడగాల్సిన ప్రశ్నే, అడగాల్సిన ధరే. కానీ అడిగే దుకాణం కూడా కొంత మర్యాద పాటించాలి. గుమ్మంలోనే చెప్పాలి. మన సంచి లోపలికి తెచ్చుకుంటే దొంగను చూసినట్టు చూడకూడదు. డబ్బు తీసుకునే సంచి మీద తన పేరు వేసుకోకూడదు. పేరు వేస్తే డబ్బు తీసుకోకూడదు. అన్నిటికంటే ముఖ్యంగా, బిల్లులో "క్యారీ బ్యాగ్ రూ. 3" అన్న గీత కింద ఆ మూడు రూపాయలు ఎక్కడికి వెళుతున్నాయో ఇంకో గీత రాయాలి. ఊరి చెరువుకా, చెత్త ఏరేవాళ్ల గ్లౌజులకా, దేనికో దానికి. అలా రాయాలని ప్రభుత్వం శాసించడానికి కొత్త శాస్త్రం కనిపెట్టక్కర్లేదు, బిల్లు యంత్రంలో ఒక వరస చేర్చితే చాలు.

ఆ రెండో గీత వచ్చిన రోజున వీరులు, ప్లీడర్లు, దాతలు తగ్గుతారు. వినియోగదారుల కమిషన్లకు కొంత పని తప్పుతుంది. కొత్తిమీర కట్ట దగ్గర మన బేరాలు మాత్రం ఎవరూ ఆపలేరు. దానికి పర్యావరణంతో సంబంధం లేదు, అది పూర్తిగా మన సంస్కృతి.